కేప్ బఫెలో వేటకు తూటా ఎంచుకోవడం: నా అనుభవం

జింబాబ్వే వెళ్లి కేప్ బఫెలో (ఆఫ్రికా అడవి గేదె) వేటాడి వచ్చిన దగ్గర్నుంచి, ఇక్కడ టెక్సాస్‌లో తుపాకులంటే ఇష్టమున్న మనవాళ్లు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే. "ఏ క్యాలిబర్ తీసుకెళ్లావు?" .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ అని చెబితే కొందరు తలూపుతారు. కొందరు "అంతేనా? .458 కాదా?" అంటారు. అలా అన్నవాళ్లను తప్పుపట్టను. మొదట్లో నేనూ అదే అనుకున్నాను. ఆ .458 దగ్గర్నుంచి .375 దగ్గరికి రావడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఈ వేటకు అడ్వాన్స్ కట్టేసి తుపాకి దగ్గర ఆగిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. వాళ్లకోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒక చిన్న వివరణ. ఇందులో తూటా అంటే మొత్తం కార్ట్రిడ్జ్: ఇత్తడి కేస్, లోపలి మందు, ముందుండే గుండు అన్నీ కలిపి. గుండు అంటే బ్యారెల్‌లోంచి ఎగిరి వెళ్లేది మాత్రమే. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ విషయంలో సగం గందరగోళం వస్తుంది. ఇక క్యాలిబర్ అంటే సుమారుగా గుండు అడ్డకొలత; .375, .458 లాంటి అంకెలు అంగుళాల్లో చెప్పేవి.

మా సొంతూరు ములుగు వైపు, ఏటూరునాగారం అడవికి దగ్గర. చిన్నప్పుడు తాతయ్య అడవిదున్నల గురించి చెబుతుంటే అన్నం తినడం మర్చిపోయి వినేవాణ్ని. మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ చట్టంతోనే తర్వాత వేట నేరమైంది. అది సరైన చట్టమే, దాని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. నేను తుపాకి పట్టింది ఇక్కడికి వచ్చాకే. ఎనిమిదేళ్లుగా .30-06తో అడవిపందులు, జింకలు కొడుతున్నాను. ఆ రైఫిల్ నాకు చేతిలో చెయ్యి లాంటిది. కేప్ బఫెలో వేటకు జాంబెజీ లోయలోని డాండే ప్రాంతంలో పది రోజులు బుక్ చేసుకున్నాక మొట్టమొదట తెలిసిందేమిటంటే, ఆ .30-06 అక్కడ పనికిరాదు, చట్టం కూడా ఒప్పుకోదు.

జింబాబ్వేలో ఏనుగు, నీటిగుర్రం, బఫెలో ఒక తరగతి కింద వస్తాయి. వాటికి గుండు వ్యాసం కనీసం 9.2 మిల్లీమీటర్లు ఉండాలి, బ్యారెల్ దాటేటప్పుడు శక్తి కనీసం 5,300 జౌల్స్ ఉండాలి. నా .30-06లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు, మందు తూచే చిన్న కొలత) గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో పోతే 4,000 జౌల్స్ కూడా రాదు. వ్యాసం 7.8 మిల్లీమీటర్లే.

ఇలా చెప్పగానే ఎవరో ఒకరు పాతకాలపు ఏనుగుల వేటగాడు కరమోజో బెల్ పేరు ఎత్తుతారు. ఆయన వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, వాటిలో ఎక్కువ .275 రిగ్బీతో, అంటే 7×57 మౌజర్ తూటాతో. నిజమే. కానీ ఆయన ఏనుగు తలకాయల్ని కోయించి, మెదడు ఎక్కడుంటుందో ఏ కోణం నుంచైనా చెప్పగలిగేలా నేర్చుకున్న మనిషి. ఏళ్లకేళ్లు అదే పని. పది రోజుల సెలవు పెట్టి వెళ్లే ఐటీ ఉద్యోగి ఆయన్ని ఆదర్శంగా తీసుకోవడం ఆ జంతువుకు చేసే అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

బఫెలో సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లో దున్నపోతుని చూసినవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు. పెద్ద మగది 700 నుంచి 800 కిలోలు ఉంటుంది. నుదుటి మీద రెండు కొమ్ములూ కలిసి రాయిలా గట్టిపడతాయి, దాన్ని బాస్ అంటారు. చర్మం మందం, పక్కటెముకలు వెడల్పు. గుండెకాయ మనం అనుకునే చోట ఉండదు, బాగా కిందికి, ముందుకాళ్ల మధ్యలో ఉంటుంది. గాయపడితే పొదల్లోకి వెళ్లి నిలబడి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ల మీదికి తిరగబడటం దానికి మామూలే. అందుకే మొదటి గుండు చర్మం, కండ, ఎముక దాటుకుని గుండె, ఊపిరితిత్తుల దాకా నేరుగా వెళ్లి తీరాలి. తూటా ఎంపిక అంతా ఈ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

నేను మొదట పడిపోయింది .458 లాట్ మీద. దాని వెనక కథే అలాంటిది. 1956లో వించెస్టర్ కంపెనీ .458 వించెస్టర్ మాగ్నమ్ తెచ్చింది. ఖరీదైన ఇంగ్లిష్ డబుల్ రైఫిల్ (రెండు బ్యారెళ్లది) కొనలేనివాళ్లకు మామూలు బోల్ట్ రైఫిల్‌లో (ప్రతి తూటాకీ బోల్ట్ లాగి తోసేది) ఏనుగు తూటా ఇవ్వాలన్నది ఆలోచన. కానీ దాని కేస్ పొట్టి. 500 గ్రెయిన్ల గుండు పెట్టాక మందుకు చోటు చాలక నొక్కి కూరాల్సి వచ్చేది. నిలవ ఉన్న తూటాల్లో ఆ మందు గడ్డకట్టి సరిగా కాలకపోవడం, గుండు వేగం పడిపోవడం జరిగాయని ఆఫ్రికాలో వేటగాళ్లు మొత్తుకున్నారు. 1959లో మొజాంబిక్‌లో ఒక బఫెలో చేతిలో గాయపడిన జాక్ లాట్ అనే అమెరికన్, తర్వాత దాని కేస్ పొడవు 2.8 అంగుళాలకు పెంచి కొత్త తూటా తయారు చేశాడు. అదే .458 లాట్. 500 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,300 అడుగులు, దాదాపు 8,000 జౌల్స్. అవసరమైతే అందులో .458 వించెస్టర్ తూటా కూడా పేల్చుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచిది లేదనిపించింది. వెతికి వెతికి ఒక సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొన్నాను.

మొదటి రోజు రేంజ్‌లో ఆరు తూటాలు పేల్చాను. .30-06 తన్ను, అంటే పేలగానే తుపాకి వెనక్కి భుజాన్ని తన్నే దెబ్బ, ఇరవై అడుగు-పౌండ్ల దగ్గర ఉంటే లాట్‌ది డెబ్బై దగ్గర ఉంటుంది. మూడున్నర రెట్లు. ఆ రోజు రాత్రి చొక్కా విప్పితే మా ఆవిడ చూసి "ఏంటండీ ఇది, ఎవరైనా కొట్టారా?" అని కంగారుపడింది. భుజం మీద అరచేతి అంత నల్లగా కమిలింది. నాలుగు రోజులకు తగ్గింది. అలవాటవుతుందిలే అనుకున్నాను. వారం వారం వెళ్లాను. భుజం నిజంగానే అలవాటుపడింది, కమలడం తగ్గింది. కానీ టార్గెట్ మీద గుళ్లు మాత్రం దగ్గరికి రావడం లేదు. యాభై గజాల్లో ఒకటి మధ్యలో పడితే ఇంకొకటి ఆరంగుళాలు కిందికి పోయేది. స్కోప్ వదులైందేమో అని రెండుసార్లు విప్పి బిగించాను.

అప్పుడు రేంజ్‌కి తోడొచ్చే మా అన్న ఒకాయన (సొంత అన్న కాదు, గుంటూరాయన, నాకంటే పదేళ్లు పెద్ద) "రైఫిల్ ఇటివ్వు, నేను లోడ్ చేసి ఇస్తా. నువ్వు అటు తిరిగి నిలబడు" అన్నాడు. ఏం చేస్తున్నాడో నాకు చెప్పలేదు. రైఫిల్ అందుకున్నాను, కర్రల మీద ఆనించాను, ఊపిరి బిగించి ట్రిగ్గర్ నొక్కాను. టిక్ మంది. అంతే. లోపల ఉన్నది డమ్మీ, పేలని ఉత్తుత్తి తూటా. కానీ ఆ టిక్ తోపాటే బ్యారెల్ కొస బెత్తెడు కిందికి పడిపోయింది. నా కళ్లు మూసుకుపోయాయి. ఎడమ చెయ్యి రైఫిల్‌ని కిందికి నొక్కేసింది. తన్ను వస్తుందని ఒళ్లు ముందే బెదిరి, పేలేలోపే తుపాకిని తోసేస్తోంది. అసలు తూటా పేలినప్పుడు ఆ కుదుపులో ఇది కనబడదు. డమ్మీ పెడితేనే బయటపడుతుంది.

"ఇంకోసారి ఇవ్వన్నా" అన్నాను. ఈసారి అసలుదో డమ్మీదో తెలియదు. మళ్లీ డమ్మీయే. మళ్లీ అలాగే పడింది. పదిసార్లు చేస్తే ఏడుసార్లు డమ్మీ పెట్టాడు. ఏడుసార్లూ బ్యారెల్ వంగింది. నాకు నోట మాట రాలేదు. అన్న నెమ్మదిగా అన్నాడు, "నీ తప్పేం లేదురా. ఒంటికి భయం ఉంటుంది. కానీ ఈ భయంతో అక్కడికి వెళ్లకూడదు."

ఇంటికొచ్చి ఆ రాత్రంతా అదే ఆలోచించాను. ఆరంగుళాల తేడా అంటే బఫెలో మీద గుండెకి, పొట్టకి మధ్య తేడా. ఎనిమిది వేల జౌల్స్ పొట్టలో దించినా బఫెలో పడదు. రోజంతా బాధపడుతూ తిరుగుతుంది. దాని వెనక పొదల్లోకి వెళ్లాల్సింది నేనొక్కణ్నే కాదు, అడుగుజాడలు పట్టే ట్రాకర్లు, నన్ను వేటకు తీసుకెళ్లే ప్రొఫెషనల్ హంటర్ (పీహెచ్ అంటారు), పార్క్స్ శాఖ రేంజర్, అందరూ వెళ్లాలి. వాళ్ల ఇళ్లలో పిల్లలున్నారు. ఈ విషయం మీద నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం ఇదే.

లాట్ అమ్మేశాక .416 వైపు చూశాను. అన్నకి తెలిసిన ఒకాయన దగ్గర .416 రిగ్బీ ఉంటే రెండు శనివారాలు పేల్చి చూశాను. 1911 నాటి తూటా ఇది. కేస్ చూస్తే బొద్దుగా పెద్దగా ఉంటుంది, ఎందుకింత పెద్దది అనిపిస్తుంది. దానికి కారణముంది. అప్పటి మందు కార్డైట్. ఎండ వేడికి దాని ప్రెజర్ బాగా పెరిగేది. ప్రెజర్ పెరిగితే పేలిన కేస్ ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, పట్టేస్తుంది, బోల్ట్ లాగితే రాదు. ఎదురుగా ఏనుగు ఉన్నప్పుడు బోల్ట్ రాకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని కేస్‌ని పెద్దగా చేసి, మందుకి చోటు ఎక్కువిచ్చి, ప్రెజర్ తక్కువలో ఉంచారు. ఇప్పటికీ రిగ్బీ ప్రెజర్ 47,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గరే. 1988లో వచ్చిన .416 రెమింగ్టన్ అదే 400 గ్రెయిన్ల గుండుని అదే 2,400 అడుగుల వేగంతో పంపుతుంది గానీ, చిన్న కేస్ కాబట్టి 65,000 పీఎస్ఐ దాకా వెళ్తుంది. నేటి మందుతో అది ప్రమాదమేమీ కాదు. అయినా జాంబెజీ లోయ ఎండలో రిగ్బీ పాత పద్ధతి నాకు నచ్చింది.

.416 నిజంగా గొప్ప తూటా. నా మొదటి ఐదు గుళ్లూ రెండంగుళాల్లో పడ్డాయి. ఆరో దాని దగ్గర అన్న డమ్మీ పెట్టాడు. బ్యారెల్ కదిలింది, లాట్ అంత కాదుగానీ కదిలింది. ఏడాదంతా వారానికి రెండుసార్లు సాధన చేసే వీలున్నవాళ్లకు నేను .416 చెబుతాను. నాకు ఆ వీలు లేదు.

అప్పటికి మా పీహెచ్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాను. అక్కడ పీహెచ్ లైసెన్స్ రావాలంటే ఏళ్ల తరబడి ఇంకో పీహెచ్ కింద పనిచేసి, రాతపరీక్ష, షూటింగ్ పరీక్ష, అడవిలో పరీక్ష అన్నీ గట్టెక్కాలి. ఆయన దగ్గర .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ డబుల్ రైఫిల్ ఉంది. నేను క్యాలిబర్ల లెక్కలు చెబుతుంటే ఆయన ఓపిగ్గా విని, "మీదికొచ్చేదాన్ని ఆపడం నా పని. దానికోసమే నేను ఇది మోస్తాను. మొదటి గుండు ఉండాల్సిన చోట పెట్టడం మీ పని. ఆ పనికి మీరు నమ్మకంగా పేల్చగలిగే తుపాకి తెచ్చుకోండి" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "మీ తూటాల పెట్టె విమానంలో తప్పిపోతే .375 తూటాలు నా క్యాంపులో ఉన్నాయి. మిగతావి నేను హామీ ఇవ్వలేను."

ఆయన .470 సంగతి వచ్చింది కాబట్టి మన దేశంతో ముడిపడిన ఒక విషయం చెప్పాలి. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 క్యాలిబర్ రైఫిళ్లని, తూటాల్ని ఇండియాలోకి, సూడాన్‌లోకి రానివ్వకుండా నిషేధం పెట్టింది. పాత మార్టిని-హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయి, వాటికి ఈ గుళ్లు పనికొస్తాయన్నది వాళ్ల భయం. అప్పటికి పులుల వేటకు, ఏనుగుల వేటకు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ వాడుతున్న దొరలు, రాజాలు ఇరుకునపడ్డారు. లండన్ తుపాకి కంపెనీలు దానికి కొంచెం పక్కగా .465, .470, .475 కొలతల తూటాల్ని అమ్మకానికి పెట్టాయి. ఈ రోజు ఆఫ్రికాలో డబుల్ రైఫిల్ అంటే ముందు గుర్తొచ్చే .470 అలా ఎదిగింది. మన దగ్గరి తిరుగుబాట్లకు భయపడి పెట్టిన నిషేధం ఆఫ్రికా వేటగాడి భుజం మీది తుపాకిని మార్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరికి .375. హాలండ్ అండ్ హాలండ్ దీన్ని 1912లో తెచ్చింది. 300 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,530 అడుగులు, దగ్గర దగ్గర 5,800 జౌల్స్. జింబాబ్వే చట్టం అడిగినదానికంటే కాస్త ఎక్కువే. చాలా దేశాల్లో ప్రమాదకరమైన జంతువులకు .375నే కనీస హద్దుగా పెట్టుకున్నారు. తన్ను నలభై దగ్గర, .30-06కి రెట్టింపు. దీనికంటే తేలికైనదేదైనా ఉందా అని 9.3×62 కూడా చూశాను. 1905లో బెర్లిన్ తుపాకి పనివాడు ఓట్టో బాక్ చేసిన తూటా అది. చాలా మంచిది, తన్ను కూడా తక్కువ. వ్యాసం 9.3, సరిపోతుంది. కానీ 286 గ్రెయిన్ల గుండు 2,360 అడుగులతో పోతే వచ్చేది 4,800 జౌల్సే. మామూలు ఫ్యాక్టరీ తూటాతో 5,300 దాటదు. వదిలేశాను.

పాత వేటగాడు జాన్ టేలర్ కట్టిన లెక్కొకటి ఉంది. గుండు బరువు, వేగం, వ్యాసం మూడూ గుణించి 7,000తో భాగిస్తే వచ్చే అంకె. .375కి 41 దాకా వస్తుంది, .416కి 57. ఈ లెక్క చూసి నేను చాలా రోజులు .375ని చిన్నచూపు చూశాను. ఆ అంకె దెబ్బ బరువు చెబుతుంది. ఆ దెబ్బ ఎంత లోతుకు వెళ్తుందో, వెళ్లేటప్పుడు గుండు విచ్చుకుంటుందో ముక్కలవుతుందో చెప్పదు. లోతు సంగతి చూడాలంటే సెక్షనల్ డెన్సిటీ చూడాలి, అంటే అడ్డకొలతకి తగ్గ బరువు గుండులో ఎంత ఉందని. 300 గ్రెయిన్ల .375 గుండుకు అది .305. సన్నగా, పొడవుగా, బరువుగా ఉండి లోపలికి దిగిపోతుంది.

వించెస్టర్ మోడల్ 70 ఒకటి దొరికింది. వాడినదే, కానీ బాగా చూసుకున్నది. స్కోప్‌తో కలిపి పది పౌండ్లు. దాని బోల్ట్‌లో పొడవాటి పంజా లాంటి ఎక్స్‌ట్రాక్టర్ ఉంటుంది, మౌజర్ 98 పద్ధతి. తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేవగానే ఆ పంజా దాని అంచుని పట్టుకుంటుంది. తుపాకి తలకిందులుగా ఉన్నా, కంగారులో బోల్ట్ సగం తోసి మళ్లీ లాగినా తూటా జారిపోదు. అన్న నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, రైఫిల్ పక్కకి వాల్చి డమ్మీలు ఎక్కించి చూపించాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆ రోజు డమ్మీ పరీక్షలో మొదటిసారి బ్యారెల్ కదలకుండా నిలబడింది. నేను ఆ టిక్ చప్పుడుకి కళ్లు తెరిచే ఉన్నాను. చాలా సంతోషమేసింది.

ఇక గుండు. నా దృష్టిలో క్యాలిబర్ కంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే, చాలామంది పెట్టనిదీ ఇక్కడే. బఫెలోకి రెండు రకాలు కావాలి. ఒకటి సాఫ్ట్, లోపలికి వెళ్లాక పుట్టగొడుగులా విచ్చుకునేది. రెండోది సాలిడ్, విచ్చుకోకుండా మేకులా నేరుగా దూసుకుపోయేది. మొదటి గుండు సాఫ్ట్. అది విచ్చుకుని ఊపిరితిత్తుల్ని, గుండెని బాగా చీలుస్తుంది, ఎక్కువసార్లు అవతలి చర్మం దగ్గర ఆగిపోతుంది. మందలో వెనకాల ఇంకో బఫెలో ఉంటే దానికి తగలకుండా ఉండటం ముఖ్యం. తర్వాతవన్నీ సాలిడ్. దెబ్బ తిన్నది తిరిగి పరిగెత్తుతుంది, మనకి కనబడేది వెనక భాగం. అటునుంచి తొడ, పొట్ట, పొట్టలోని తడి గడ్డి అంతా దాటి గుండె దాకా వెళ్లాలంటే విచ్చుకునే గుండు చాలదు. ఏనుగుకైతే మొదటి నుంచీ సాలిడే, తేనెపట్టులా ఉండే ఆ పుర్రె ఎముకను దాటాలి కాబట్టి.

సాఫ్ట్ కోసం 300 గ్రెయిన్ల స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ తీసుకున్నాను. దాని మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం అలాగే నిలబడుతుంది. సాలిడ్ దగ్గర దెబ్బతిన్నాను. మొదట కొన్నవాటి ముక్కు మరీ బల్లపరుపు. బోల్ట్ తోస్తుంటే పదింట్లో ఒకటి ఛాంబర్ అంచుకి తగిలి ఆగిపోయేది. నెమ్మదిగా తోస్తే వెళ్లేది, వేగంగా తోస్తే ఆగేది. అడవిలో ఎవరూ నెమ్మదిగా తోయరు. పైగా అవి సాఫ్ట్ పడే చోటు కంటే యాభై గజాల్లోనే మూడంగుళాలు కిందికి పడ్డాయి. రెండు పెట్టెలు పక్కనపెట్టి వేరేవి తెచ్చాను, ముక్కు కాస్త గుండ్రంగా ఉన్నవి. అవి సాఫ్ట్ పక్కనే అంగుళంన్నరలో పడ్డాయి. తర్వాత నాతో తీసుకెళ్లాల్సిన నలభై తూటాల్నీ రేంజ్‌లో ఒక్కొక్కటిగా మ్యాగజైన్‌లోంచి ఛాంబర్‌లోకి ఎక్కించి దించాను. గంటన్నర పట్టింది. ఈ పని మాత్రం దయచేసి ఎవరూ వదిలేయొద్దు.

మిగిలిన ఐదు నెలలూ సాధన. బల్ల మీద కూర్చుని పేల్చడం మానేశాను. కర్రల మీద నిలబడి అరవై గజాల్లో సాఫ్ట్ ఒకటి, వెంటనే భుజం మీంచి దించకుండా బోల్ట్ లాగి సాలిడ్ రెండు. ఒక శనివారం పది పన్నెండు .375 తూటాలకు మించి పేల్చలేదు, మిగతా సాధనంతా .22తో. ప్రతిసారీ మధ్యలో అన్న డమ్మీ కలిపేవాడు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. రైఫిల్ సీరియల్ నంబర్‌తో అమెరికా కస్టమ్స్ వాళ్ల దగ్గర 4457 ఫారం (తిరిగొచ్చేటప్పుడు రైఫిల్ మనదేనని చూపించేది) ముందే తీసుకోండి. తూటాలు విడిగా తాళం వేసిన పెట్టెలో, ఐదు కిలోల లోపు. నలభై .375 తూటాలు రెండు కిలోలు కూడా రావు. హరారేలో దిగి, రోడ్డు మీద ఉత్తరంగా వెళ్లి, కొండ అంచు దిగితే జాంబెజీ లోయ. మోపేన్ చెట్లు, ఎండిన వాగులు, ఒంటికి అంటుకుని కుట్టే సెట్సీ ఈగలు.

నాలుగో రోజు పొద్దున నీళ్ల దగ్గర మూడు మగవాటి అడుగులు దొరికాయి. మంద నుంచి విడిపోయిన ముసలి మగవాటిని అక్కడ డగ్గా బాయ్స్ అంటారు, బురదలో పొర్లి ఒళ్లంతా బురద పట్టి ఉంటాయి కాబట్టి. నాలుగు గంటలు నడిచాం. పెద్ద ట్రాకర్ చిన్న బట్ట సంచిలోంచి బూడిద దులుపుతూ గాలి ఎటుందో చూసుకుంటున్నాడు. చివరికి ఒక పొద వెనక నల్లగా కనిపించింది. మా పీహెచ్ కర్రలు నిలబెట్టారు. అరవై మీటర్లు ఉంటుందేమో. కుడివైపుది ముసలిది, బాస్ మీద వెంట్రుకలు లేవు, గట్టిగా ఉంది. కానీ దాని వెనకే ఇంకోటి నిలబడి ఉంది.

ఆగాం. ఎంతసేపో తెలియదు. చెమట కంట్లోకి కారుతోంది. వెనకది రెండడుగులు పక్కకి జరిగింది. "ఇప్పుడు" అన్నారాయన. ముందుకాలి గీత వెంబడి పైకి, ఒళ్లు ఎత్తులో మూడో వంతు దగ్గర స్కోప్ గీత నిలిపాను. పేలినట్టు కూడా తెలియలేదు. తన్ను గుర్తులేదు. బఫెలో వెన్ను వంచి ముందుకి దూకింది. అప్పటికే నా బోల్ట్ లాగేసి ఉంది, ఎప్పుడు లాగానో గుర్తులేదు. పక్కకి తిరిగి పోతుంటే వెనక నుంచి సాలిడ్ పెట్టాను. పొదల్లోకి వెళ్లిపోయింది.

ఎవరూ కదల్లేదు. పీహెచ్ డబుల్ రైఫిల్ ఎత్తి పట్టుకునే ఉన్నారు. కాసేపటికి లోపల్నుంచి పొడుగ్గా, బరువుగా ఒక అరుపు వచ్చింది. బఫెలో ప్రాణం పోయేటప్పుడు అలా అరుస్తుందని విన్నాను గానీ, వినడం వేరు. నాకు కళ్లు చెమర్చాయి. పక్కనుంచి తిరిగి వెళ్లి, పదిహేను అడుగుల దూరం నుంచి ఇంకో సాలిడ్ పెట్టమన్నారు, పెట్టాను. ఆయన .470 పేల్చాల్సిన అవసరం రాలేదు. చాలాసేపు దాని మెడ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. సాయంత్రానికి మాంసమంతా క్యాంపుకి, దగ్గర్లోని ఊళ్లకి వెళ్లిపోయింది.

చర్మం ఒలుస్తున్నప్పుడు ట్రాకర్ పిలిచి చూపించాడు. కుడివైపు చర్మం కింద చిన్న గడ్డలా ఉబ్బి ఉంది. కత్తితో గీస్తే నా సాఫ్ట్ చేతిలోకి జారింది. ముందు భాగం నాలుగు రేకులుగా వెనక్కి మడుచుకుని పువ్వులా ఉంది, వెనక భాగం చెక్కు చెదరలేదు. ఎడమ పక్కటెముకని విరిచి, రెండు ఊపిరితిత్తుల్నీ, గుండె పైభాగాన్నీ దాటి అవతలి చర్మం దగ్గర ఆగింది. వెనక నుంచి పెట్టిన సాలిడ్ దొరకలేదు. తొడలో లోపలికి వెళ్లిన గుర్తుంది, ఛాతీ ముందు బయటికి పోయిన గుర్తుంది. అన్ని అడుగులూ దాటి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఆ సాఫ్ట్‌ని కడిగి, ఆరబెట్టి, అన్న మందు తూచుకునే తక్కెడలో పెట్టాం. వెళ్లేటప్పుడు 300 గ్రెయిన్లు. ఇప్పుడు 287.